జాలరిపేటలో నిలబెట్టిన వైన్ సీసాలు

విశాఖ వెళ్ళొచ్చినవాళ్ళు మామూలుగా బీచ్ గురించీ, కొండ మీది రోప్‌వే గురించీ రాస్తారు. ఈ వేసవిలో నేను వెళ్ళింది ఎనిమిది వైన్ సీసాలు తెరవడానికి. అలాంటి పని మీద విశాఖ బయల్దేరేవాళ్ళు మీలో ఎవరూ ఉండకపోవచ్చు. కానీ ఎవరి కోసమో, ఏ రోజు కోసమో ఇంట్లో ఒక సీసా దాచి పెట్టుకున్నవాళ్ళు మాత్రం ఉంటారు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. తణుకు వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తిరుగు రైలు ఎక్కేలా ఎలా వెళ్ళిరావచ్చో కూడా మధ్యమధ్యలో చెబుతాను.

ముందు నూకరాజు గురించి చెప్పాలి. నాసిక్ దగ్గర ఒక వైన్ ఫ్యాక్టరీలో సీసాలు నింపే గదిలో మేమిద్దరం ఎనిమిదేళ్ళు కలిసి పనిచేశాం. నాది తణుకు, అతనిది విశాఖ జాలరిపేట. సముద్రంలో వేటకెళ్ళే ఇంటి మనిషి. అంతా మరాఠీ వినపడే చోట నన్ను చూడగానే "బావా" అన్నాడు. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. నేను సీసాలకి మూతలు బిగించే మిషన్ చూసేవాణ్ణి. నూకరాజు సీసాలు కడగడానికి చేరి, కొన్నాళ్ళకే గ్లాసు ముక్కు దగ్గర పెట్టి వాసన చెప్పే పనికి ఎదిగాడు. ఏ పీపాలో వైన్ తేడా చేసిందో మిషన్లు చెప్పేలోపే అతను చెప్పేవాడు. చిన్నప్పటి నుంచి చేప తాజాదో కాదో వాసన పట్టిన ముక్కు కదా, దానికి ఏదైనా ఒకటేనని నవ్వేవాడు.

మా ఇద్దరికీ ఒక్క విషయంలో పడేది కాదు. అది మూత. వైన్ సీసాలో పోసి మూత పెట్టాక కూడా మారుతూనే ఉంటుంది. మూత సందులోంచి లోపలికి పోయే పిసరంత గాలి దాన్ని పెంచుతుంది. అదే గాలి కొంచెం ఎక్కువైతే చంపేస్తుంది. చెట్టు బెరడుతో చేసిన బిరడా పాతకాలం నుంచి ఉన్నదే. కాకపోతే ఒక్కోదానికి బూజు వాసన ఉండి మొత్తం సీసానే పాడుచేస్తుంది. అందుకని బెరడు పొడిని అదిమి చేసిన బిరడాలొచ్చాయి, ప్లాస్టిక్ బిరడాలొచ్చాయి, చివరికి తిప్పితే ఊడొచ్చే మర మూతలొచ్చాయి. నేను మర మూత వైపు. నూకరాజు బెరడు వైపు. "సోడా కాయకెట్టినట్టు దానికి ఇనప టోపీ ఎడతావేటి బావా, లోపల అది ఊపిరాడక అగ్గిపుల్ల వాసనేత్తాది" అని వెక్కిరించేవాడు. అన్నం తినేటప్పుడు మొదలైన గొడవ చేతులు కడుక్కున్నాక కూడా తెగేది కాదు.

మేం ఉద్యోగాలు మానేసి వచ్చేస్తున్నప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళు ఒక పెట్టె ఇచ్చారు. ఒకే పీపాలోది, ఒకే రోజు నింపిన ఎర్ర వైన్. నాలుగు రకాల మూతలు, రకానికి రెండేసి సీసాలు. నేను తణుకులో పచ్చళ్ళ కంపెనీలకి సీసాలూ మూతలూ సప్లై చేసే వ్యాపారం పెట్టుకుని అద్దె ఇళ్ళు మారుతూ ఉన్నాను కాబట్టి పెట్టె నూకరాజు ఇంటికి వెళ్ళింది. పదో ఏడు ఇద్దరం కలిసి తెరుద్దాం, ఎవరి మాట నెగ్గిందో అప్పుడు తేల్చుకుందాం అనుకున్నాం. నూకరాజు తన అన్న మరబోటు మీద వేటకి వెళ్ళడం మొదలెట్టాడు. ఐదేళ్ళు గడిచాయి. ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. గొంతు బొంగురుగా, ఇసుకలో ఈడ్చినట్టుగా ఉంది.

"బావా, సోమారం ఆపరేసనట. గొంతులో గడ్డ ముదిరిపోనాది, గొంతు పెట్టే తీసేత్తారట. తరవాత మెడకాడ బెజ్జంలోంచి ఊపిరి తీసుకోవాల. ముక్కుకి గాలి ఎల్లదట. ఇంక మాటా నేదు, వాసనా నేదు. పదో ఏడు దాకా ఆగలేం. వత్తావేటి?"

వస్తానన్నాను.   మాట పోతుందన్నది ఎలాగో మింగాను గానీ, నూకరాజు ముక్కు పనిచేయదన్నది మాత్రం మింగుడు పడలేదు.

శనివారం తెల్లవారుజామునే తణుకులో రైలెక్కాను. జనరల్ టికెట్టే. తుని దాకా కిటికీ పక్క సీటు దొరికింది, ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడ్డాను. మీరు వెళ్ళేట్టయితే ముందే రిజర్వేషన్ చేయించుకోండి. విశాఖ స్టేషన్ దాకా వెళ్ళకుండా దువ్వాడలో దిగిపోవడం నా అలవాటు, రైలు అక్కణ్ణుంచి ఊళ్ళోకి నత్తలా పాకుతుంది. షేర్ ఆటోకి ఇరవై రూపాయలిచ్చి కూర్మన్నపాలెం జంక్షన్‌లో దిగాను. స్టీల్ ప్లాంటు షిఫ్టు దిగిన జనం హెల్మెట్లు మోచేతికి తగిలించుకుని టిఫిన్ బండి చుట్టూ మూగి ఉన్నారు. బండి ఆవిడ నా మాట వినగానే పట్టేసింది.

"గోదారోళ్ళేటి? ఇక్కడ సగం మంది మీవోళ్ళేనండి, ప్లాంటులో. మీరూ పనిలోకేనా?"

"కాదమ్మా, జాలరిపేటలో స్నేహితుడున్నాడు. ఒంట్లో బాగాలేదు, చూడ్డానికి."

ఆవిడ ఇంకేం అడగలేదు. ప్లేటులో ఇంకో రెండు ఇడ్లీలు వేసి, "జబ్బు మడిసికాడికి ఒట్టి కడుపుతో ఎల్లకూడదు బాబూ, తినండి" అంది. ఆ రెండిటికీ డబ్బులు తీసుకోలేదు. అల్లం పచ్చడి ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళని పచ్చడి మీదికి నెట్టేయొచ్చు కదా అని కాసేపు అక్కడే నిలబడ్డాను.

కూర్మన్నపాలెం నుంచి పాత ఊళ్ళోకి సిటీ బస్సులు ఎప్పుడూ ఉంటాయి. గాజువాక, మల్కాపురం మీదుగా పోర్టు పక్కనుంచి వెళ్ళేది ఎక్కితే గంట పైన పడుతుంది గానీ క్రేన్లూ, ఓడలూ కనపడతాయి. లారీల వెనక ఎర్ర దుమ్ము లేస్తుంది కాబట్టి జేబు రుమాలు దగ్గర పెట్టుకోండి, తెల్ల చొక్కా మాత్రం వేసుకోకండి. నేను వేసుకున్నాను. పాత పోస్టాఫీసు దగ్గర దిగి పూర్ణా మార్కెట్‌లోకి నడిచాను. నూకరాజు ఇంట్లో స్టీలు గ్లాసులే ఉంటాయని తెలుసు. స్టీలులో వైన్ రంగు కనపడదు. కడుపు ఉబ్బుగా, మూతి ఇరుకుగా ఉన్న గాజు గ్లాసులు కావాలని గాజు సామాన్ల కొట్లో అడిగాను.

"జూస్‌కా, ఐస్‌క్రీమ్‌కా సార్?" అన్నాడు కొట్టాయన.

"వాసన చూడ్డానికి."

"వాసనకి గ్లాసెందుకండి, దేవుడిచ్చిన ముక్కుండగా?" అని పెద్దగా నవ్వాడు. అతను ఎగతాళికే అన్నాడు, తప్పు లేదు. నేను నాలుగు గ్లాసులు పాత పేపర్లో చుట్టించుకుని బయటపడి, మార్కెట్ మెట్ల మీద రెండు నిమిషాలు కూర్చున్నాను.

అక్కణ్ణుంచి జాలరిపేటకి ఆటో. నూట ఇరవై అన్నాడు, వందకి వచ్చాడు. చేపలకైతే ఇప్పుడు దండగ ప్రయాణమని దారంతా చెబుతూనే ఉన్నాడు. "వేట ఆపేసినారు కదా బాబూ, బోట్లన్నీ కట్టేసున్నాయ్. ఐసు సేపలే దొరుకుతాయ్." గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో మరబోట్లని సముద్రంలోకి వెళ్ళనివ్వరు. చేపల కోసమే విశాఖ వెళ్ళేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

సందు చివర మూడో ఇల్లు. నూకరాజు గడప బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ తువ్వాలు. చొక్కా మనిషికి రెండింతలుంది. నన్ను చూసి లేవబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ భుజం ఎముక నా చేతికి తగిలింది. నాసిక్‌లో వైన్ పెట్టెలు రెండేసి ఒకేసారి ఎత్తిన భుజం అది.

"తెల్ల సొక్కా ఏసుకొచ్చినావేటి బావా, పెళ్ళిసూపులకొచ్చినట్టు" అన్నాడు. అతని భార్య దేముడమ్మ లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చి, "ఎక్కువ మాటాడకు మావా, నొప్పెడతాది" అని కసిరింది. నూకరాజు నాకు బావ కాబట్టి ఆమె నన్ను అన్నియ్యా అంటుంది. నాకు చెల్లెలు లేదు, ఆ పిలుపు నాకిష్టం.

లోపలి గదిలో గోడలోనే కట్టిన అలమర ఉంది. కింది అర ముందు పాత చీర ముక్కతో తెర. దేముడమ్మ తెర పక్కకి తీసింది.  ఎనిమిది సీసాలూ బళ్ళో పిల్లల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి.

బిరడా ఉన్న సీసాని పడుకోబెట్టాలి. వైన్ బిరడాకి తగులుతూ ఉంటేనే అది తడిగా, బిగుతుగా ఉంటుంది. నిలబెడితే ఆరిపోయి కుంచించుకుపోతుంది, గాలి దూరుతుంది. విశాఖ ఎండలకి ఐదేళ్ళంటే ఇంకేం మిగలదు. ఈ సంగతి నూకరాజుకి నాకన్నా బాగా తెలుసు. నేను తట్టుకోలేక అరిచేశాను.

"ఎవరమ్మా వీటిని నిలబెట్టింది? పడుకోబెట్టే కదా తెచ్చాడు వీడు?"

దేముడమ్మ బెదిరిపోయింది. "నానే అన్నియ్యా" అంది. "మగోళ్ళు నీళ్ళ మీద ఉండగా ఇంట్లో ఏదీ పడుండకూడదు. బిందె పడకూడదు, పీట పడకూడదు, ఆకరికి సీపురు కూడా గోడకి నిలబెట్టే ఉంచాల. ఇంట్లో ఒరిగితే అక్కడ బోటు ఒరుగుతాదని మాయత్త సెప్పేది. ఈ మావ మొదటిసారి ఏటకెల్లిన రోజే అన్నీ నిలబెట్టీసినాను."

"ఇప్పుడు వేట లేదు కదమ్మా? మనిషి ఇంట్లోనే ఉన్నాడు కదా?"

"ఆస్పత్రికి ఎల్తన్నాడు కదన్నియ్యా" అంది ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "అదేటి సిన్న సముద్రమా?"

 ఇంత దూరం వచ్చి, ఆ ఇంట్లో అరవాల్సింది ఆమె మీదేనా అని సిగ్గేసింది.

సీసాలు బయటికి తెచ్చి చాప మీద పెట్టాం. చుక్క కూడా గొంతులోకి పోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. అందుకని నూకరాజు వాసన మాత్రమే చూస్తాడు, నాలిక మీద వేసుకునేది నేను. ముందు బెరడు బిరడా, అతని పార్టీది. బిరడా తీసే స్క్రూ దించి లాగితే బిరడా మధ్యకి విరిగి, పొడిపొడిగా రాలింది. గ్లాసులో పోస్తే ఇటుక రంగు. వంగకుండానే నాకు పులుపు కొట్టింది. నూకరాజు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా కింద పెట్టేశాడు. "పులిసి ఎనిగరైపోనాది" అన్నాడు. రెండోది తెరిచాం. అదీ అంతే.

బెరడు పొడి బిరడాలవి రెండూ తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన. ప్లాస్టిక్ బిరడాలు నున్నగా జారి వచ్చేశాయి, వైన్ మాత్రం బూడిద కలిపిన నీళ్ళలా చప్పగా ఉంది. వాసనే లేదు. నూకరాజు మూడోసారి, నాలుగోసారి పీల్చి చూశాడు. ఆ ముక్కుకి మిగిలినవి రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో ఒక పూట ఇలా పాడైపోయిన సీసాల మీద ఖర్చయిపోతోంది.

దేముడమ్మ గోడకి ఆనుకుని చూస్తోంది. "నాను నిలబెట్టడం వల్లేనా మావా?" అని అడిగింది.

"కాదే. ప్లాస్టిక్‌ది ఎలగైనా ఇన్నేళ్ళు ఆగదు. ఎండలకి బెరడు ఎండిపోనాది. నీదేటి నేదు. ఎల్లి టీ ఎట్టు, బావకి" అన్నాడు. ఆమె ముక్కు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక నూకరాజు నా వైపు వంగాడు. మాట బయటికి రావడానికి మెడకి చుట్టిన తువ్వాలు మీద చెయ్యి వేసి అదిమి పట్టుకున్నాడు.

"నాకు తెలుసు బావా. మొదటిసారి ఏటకెల్లొచ్చిన రోజే తెర తీసి సూసినాను. నిలబడున్నాయ్."

"మరి పడుకోబెట్టలేదేంరా?"

"పడుకోబెడదామనే సెయ్యేసినాను. నాను నీళ్ళ మీదున్న పదిరోజులూ అది నిద్దరోదు బావా. ఈ సీసాలు నిలబెడితే కాసింత పడుకుంటాదట. పక్కింటోళ్ళు సెప్పినారు. ఇంకేటి సేత్తాను? తెర ఏసీసినాను."

ఎనిమిదేళ్ళు బెరడు బిరడా కోసం నాతో పోట్లాడిన మనిషి, తన బిరడాలు తన కళ్ళముందే ఎండిపోతుంటే తెర వేసేశాడు.  అతని మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

"ఏడవకు. నీ ఇనప టోపీలున్నాయి కదా, అవి ఇప్పు" అన్నాడు.

మర మూతకి పడుకున్నా నిలబడ్డా ఒకటే, లోపలి పొర సీసా మూతిని నేరుగా పట్టుకుని ఉంటుంది. ఎండ భయం మాత్రం దానికీ ఉంది. తిప్పాను. టక్‌మని చిన్న చప్పుడు. గ్లాసులోకి నల్లనేరేడు రంగు దిగింది. నూకరాజు చేతికిచ్చాను. గ్లాసుని గుండ్రంగా తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు. చెక్కిలి మీద కన్నీటి చార దిగింది.

"బతికే ఉంది బావా" అన్నాడు. "నువ్వే గెలిసినావ్."

ఆ గొడవలో గెలవాలని ఎన్ని మధ్యాహ్నాలు అరిచానో. ఆ మాట వినపడ్డాక మాత్రం, ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

టీ తెచ్చిన దేముడమ్మని పక్కన కూర్చోబెట్టుకుని గ్లాసు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఆమె మొహం తిప్పేసుకుంది. బతిమాలితే కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కసారి పీల్చింది.

"నేరేడుపళ్ళు" అంది. ఇంకోసారి పీల్చి, "ఎండబెట్టిన సింతపండు" అంది. మూడోసారికి మొహం చిట్లించింది. "ఇంకేదో ఉంది మావా. అగ్గిపుల్ల గీసి ఆర్పినట్టు."

నూకరాజు నా వైపు చూసి నవ్వడం మొదలెట్టాడు. చప్పుడు రాని నవ్వు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. గాలి బొత్తిగా తగలక మర మూత కింద ఒక్కోసారి ఆ వాసన పుడుతుంది, నేను ఏనాడూ ఒప్పుకోలేదు. గ్లాసు లాక్కుని చూశాను. నిజంగానే ఉంది, సన్నగా. కాసేపు తిప్పాక పోయింది. కానీ ఆమె పట్టేసింది.

"సూసినావా బావా, సగం నానూ గెలిసినాను" అన్నాడు. తర్వాత దేముడమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "సోమారం నుంచి నా ముక్కు నువ్వేనే. సేప కూరైనా, వానైనా, ఏదైనా నువ్వు వాసన సూసి నాకు సెప్పాల. సెవులున్నాయి కదా, ఇంటాను."

"సెప్తాను" అంది ఆమె. అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు బయటికొచ్చింది. మధ్యాహ్నమంతా ముగ్గురం ఆ చాప మీదే కూర్చున్నాం. ఆ ఒక్క గ్లాసునే నూకరాజు మళ్ళీమళ్ళీ వాసన చూశాడు, ఒక్కోసారి ఒక్కో పేరు చెప్పాడు. నాసిక్‌లో తొలివాన పడ్డ షెడ్డు అన్నాడు. కొత్త వల అన్నాడు. ఆఖరికి పేరు చెప్పడం మానేసి ఊరికే పీలుస్తూ ఉన్నాడు.

రెండో మర మూత సీసా తెరవలేదు. అది పదో ఏటికి అని అతనే అన్నాడు. రైలుకి వేళవుతుంటే ఆ సీసాని నేనే తీసుకెళ్ళి అలమరలో పెట్టాను. అలవాటు కొద్దీ పడుకోబెట్టబోయి ఆగాను. దేముడమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. సీసాని నిటారుగా నిలబెట్టి, కదిలిపోకుండా రెండు వైపులా పారబోసి ఖాళీ చేసిన సీసాలు ఆనించి, తెర వేశాను.

ఆపరేషన్ అయింది. మనిషి తిరిగొచ్చాడు. ఇప్పుడు ఫోన్ దేముడమ్మే చేస్తుంది. నూకరాజు పక్కనే ఉంటే గోటితో ఫోన్ మీద రెండుసార్లు కొడతాడు, అదే "బావా" అనడం. మొన్న వాన పడుతుండగా చేసి, మట్టి వాసన ఎలా ఉందో మావకి చెబుతున్నానని అంది. నన్నూ వినమంది. ఇన్నేళ్ళు మూతల వ్యాపారం చేస్తూ, ఏ మూత కింద వైన్ ఎంతకాలం ఆగుతుందో పుస్తకంలా చెప్పగలిగే నాకు, ఫోన్లో విన్న ఆ వాన వాసనని ఏ మూత కింద దాచాలో తెలియలేదు. ఏ రోజు కోసం దాచామో ఆ రోజు మన చేతిలో ఉండదని తెలిశాక, దాచడం మీద నాకు మునుపటంత నమ్మకం లేదు. అయినా పదో ఏడు కోసం ఎదురుచూస్తున్నాను.

సీసా దాచుకున్నవాళ్ళకి ఒక్క సూచన. బిరడా ఉన్న సీసా అయితే ఇంట్లో చల్లటి మూల పడుకోబెట్టండి, ప్లాస్టిక్‌దైతే రెండు మూడేళ్ళలోపే తెరిచేయండి. మర మూత సీసాకి చల్లదనం చాలు, పడుకున్నా నిలబడ్డా ఒకటే. ఇంట్లోంచి ఎవరైనా సముద్రం మీదికో ఆస్పత్రికో వెళ్ళి ఉంటే మాత్రం దాన్ని నిలబెట్టే ఉంచండి.